నాలుక మేస్త్రి వేలు

రెండు వందల ఎనభై ఏడు.

మేస్త్రి మీటరుని ఒకసారి విదిలించాడు. అంకె మారలేదు. లాకరు తలుపుకేసి మెల్లగా తట్టాడు. అయినా మారలేదు. జ్వరం చూసే గొట్టమైతే దులిపితే దిగుతుంది. ఇది దిగే రకం కాదు.

వేలి మీద మిగిలిన రక్తపు చుక్కని అలవాటుగా నోట్లో పెట్టుకుని చప్పరించాడు. కాస్త ఉప్పగా, కాస్త ఇనుము కరిచినట్టుగా తగిలింది. అంతే.

నోట్‌బుక్ తీసి, సోమవారం పక్కన ఆ అంకె రాశాడు. దాని పైన వరసగా ఇరవై ఒక్క అంకెలున్నాయి. రెండు వందల అరవైకి తక్కువ ఒక్కటీ లేదు.

"ఎంత తమ్ముడూ?" అంది వెనక నించి జల్లెడక్క.

"నీ జీతమంత."

"అయితే తక్కువేలే, భయపడకు."

అతనికి నవ్వు రాలేదు. లాకరు తలుపు ధడాల్న వేశాడు.

అది బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్రీం గది. రెండు బిస్కెట్ల మధ్య అతుక్కునే తెల్లటి క్రీం అక్కడే తయారవుతుంది. ఒకవైపు చక్కెర పొడిని జల్లించే పెద్ద జల్లెడ. దాని దగ్గర పద్నాలుగేళ్ళుగా నిలబడ్డ ఆవిడ జల్లెడక్క. ఇంకోవైపు నిలువెత్తు మిక్సరు, అందులో మనిషి చెయ్యంత పొడుగు ఇనప రెక్కలు. ఆ మిక్సరుకి ఇరవై రెండేళ్ళుగా అధిపతి మన మేస్త్రి. ఎంత చక్కెర, ఎంత కొవ్వు, ఎన్ని నిమిషాలు అనేది గోడ మీద కాగితంలో ఉంటుంది. కానీ చివరి మాట మాత్రం మేస్త్రి నాలుకదే. క్రీం ఒక చిటికె తీసి, ఎడమచేతి బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య నలిపి నలక ఉందో లేదో చూస్తాడు. ఆ తర్వాత నాలుక మీద వేసుకుంటాడు, రుచి తేల్చి పక్కనున్న డబ్బాలో ఉమ్మేస్తాడు. "కానివ్వండి" అంటే క్రీం ముందుకి పోతుంది. అందుకే ఫ్యాక్టరీ అంతా అతన్ని నాలుక మేస్త్రి అంటుంది. ఆ పేరు విన్నప్పుడల్లా అతని ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది.

ఆ గదికి ఒకటే చట్టం: నీళ్ళు రాకూడదు. చక్కెర పొడి మీద ఒక్క చుక్క పడిందంటే అది రాయైపోతుంది. రాయి జల్లెడలో ఇరుక్కుంటే పూట పని పోతుంది. అందుకని పనిలో ఉన్నంతసేపూ అక్కడ ఎవరూ చేతులు కడగరు. పొడి గుడ్డతో తుడుచుకుంటారు. కుళాయి గేటు దగ్గరెక్కడో ఉంది. పని మధ్యలో అక్కడికి వెళ్ళినవాడు, చెయ్యి తడిపినా తడపకపోయినా, కోటు మార్చుకుని, పావుగంట బయట ఆరి, అప్పుడు లోపలికి రావాలి. పని ముగియకుండా ఆ కుళాయి మొహం చూసినవాడు లేడు.

మేస్త్రికి షుగరు వచ్చి రెండేళ్ళయింది. మాత్రలు వేసుకుంటున్నాడు, నడుస్తున్నాడు, పని సాగుతోంది. కొత్త చిక్కు ఈ నెలలోనే వచ్చింది. వారానికోసారి, శుక్రవారం, ఫ్యాక్టరీకి వచ్చే డాక్టరమ్మ ఒక నియమం పెట్టింది. యంత్రాల దగ్గర పనిచేసే షుగరు మనుషులు రోజూ ఎనిమిదిన్నరకి, టిఫిన్‌కి ముందు, పరగడుపున రక్తం చూసుకుని పుస్తకంలో రాయాలి. మీటరు ఫ్యాక్టరీది, లాకరు దాటి పోకూడదు. నెలాఖరు శుక్రవారం ఆవిడ పుస్తకం చూస్తుంది. అదుపులో ఉంటే సరే. లేకపోతే మిక్సరు దగ్గర నించి తీసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. వచ్చే బండి నంబరు, పోయే బండి నంబరు రాసుకుంటూ బతకాలి.

నెలాఖరు శుక్రవారానికి ఇక నాలుగు రోజులుంది.

"అక్కా, చక్కెర మారిందా?" మేస్త్రి పొద్దుటి క్రీం చిటికె నలిపి, నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. "పిండి తిన్నట్టుంది. తీపే లేదు. ఇంకో అర డబ్బా వెయ్యి."

జల్లెడక్క అతని వంక అదోలా చూసింది. "శనివారమూ అదే అన్నావు."

"అప్పుడూ లేదు కనకే అన్నాను. నా నాలుక ఎప్పుడైనా తప్పు చెప్పిందా? ఇప్పుడొచ్చేదంతా చచ్చు చక్కెర."

ఆవిడ మిక్సరు వెనక్కి వెళ్ళింది. డబ్బా అంచు ఇనుముకి తగిలిన చప్పుడు వినిపించింది. "వేశాను తమ్ముడూ" అంది.

మళ్ళీ రుచి చూశాడు. తేడా పెద్దగా తెలియలేదు. విసుగొచ్చి, "కానివ్వండి" అనేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే చెయ్యి చాచింది. "పుస్తకం."

ఆవిడ బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. రోజుకి వెయ్యిమంది అబద్ధాలని గాజు అవతల నించే పట్టేసే మనిషి. పుస్తకం తెరిచి, అంకెని వేలితో రెండుసార్లు తట్టింది.

"రాత్రి ఏం తిన్నారో నేను చూశాను. పొద్దున్న ఏం తాగారో నేను చూశాను. మధ్యలో ఇన్ని వందలు ఎక్కడ నించి వచ్చాయండీ, ఆకాశం నించి ఊడిపడ్డాయా?"

"నాకేం తెలుసే!"

"క్రీం మింగుతున్నారు."

"ఉమ్మేస్తున్నాను! ఇరవై రెండేళ్ళుగా ఉమ్మేస్తున్నాను!"

"చేపల చెరువుకి కొంగ కాపలా ఉండి, నేను శాకాహారినంటే ఎవరు నమ్ముతారండీ?"

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసి తిట్టు తింటే ఒక లెక్క. చెయ్యని తప్పుకి, అందులోనూ నోరు కట్టుకుని, పళ్ళెంలో ముద్దలు లెక్కపెట్టుకుని తింటూ తిట్టు తినడం ఇంకో లెక్క. ఆ పూట అలిగి సగం భోజనం వదిలేశాడు. "చూశారా, ఆకలి లేదు. కడుపులో క్రీం ఉంది" అంది భార్య.

ఇంటివాళ్ళలో అతన్ని నమ్మే మనిషి ఒక్కడే ఉన్నాడు. బావమరిది. వాడు ఆకుల సారాల దుకాణం నడుపుతాడు. దుకాణం ముందు గదిలో సీసాలు. వెనక గదిలో తీగల మీద ఆరబెట్టిన ఆకులు, నానబెట్టిన కుండలు, సన్న మంట మీద రోజంతా మరిగే పాత్ర. గోడలకి కూడా చేదు వాసన పట్టింది.

మూడు వారాల క్రితం, మొదటి నాలుగు రోజుల అంకెలు చూసి కంగారుపడి మేస్త్రి వాడి దగ్గరికి వెళ్ళాడు. వాడు ముదురాకుపచ్చ సీసా ఒకటి చేతిలో పెట్టాడు.

"పొడపత్రి ఆకు సారం బావా. చక్కెరకి మొగుడు. తిండికి అరగంట ముందు పది చుక్కలు నాలుక మీద వేసుకో. రెండు నిమిషాలు అలాగే ఉంచి మింగు."

"డాక్టరమ్మకి చెప్పాలా?"

"చెబితే ఏమంటుంది? మానెయ్యమంటుంది. అంకె దిగాక చెప్పు. అప్పుడు ఆవిడే వచ్చి నా దగ్గర సీసా కొనుక్కుంటుంది."

ఎనిమిదిన్నరకి టిఫిన్ కాబట్టి, ఎనిమిదింటికి చుక్కలు వేసుకోవడం మొదలుపెట్టాడు. అంకె దిగలేదు. పది చుక్కలు పదిహేనయ్యాయి. పదిహేను ఇరవయ్యాయి. బుధవారం సాయంత్రం మళ్ళీ దుకాణానికి వెళ్ళి సీసా బల్ల మీద కొట్టినంత పని చేశాడు.

"ఒరేయ్, నీ మొగుడు నిద్రపోతున్నాడురా! ఇవాళ రెండు వందల తొంభై తొమ్మిది!"

"అందరికీ పనిచేస్తోంది బావా! నీ ఒంట్లోనే ఏదో మొండితనం ఉంది. మా అక్క చెబుతూనే ఉంటుంది."

"మీ అక్క సంగతి వదిలెయ్. ఎల్లుండి శుక్రవారం. నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు, తెలుసా?"

వాడు గడ్డం గోక్కున్నాడు. "అయితే ముప్ఫై వెయ్యి. పొద్దున ఒకసారి, దిగకపోతే ఇంకోసారి."

తలుచుకుంటే అదే అతని జీవితంలో అతి తెలివితక్కువ సలహా. కానీ అప్పుడు దాన్ని ఇచ్చినవాడికీ అనిపించలేదు, పుచ్చుకున్నవాడికీ అనిపించలేదు.

శుక్రవారం.

ముందు రోజు రాత్రి మేస్త్రి దాదాపు ఏమీ తినలేదు. పొద్దున ఆరింటికి పనిలోకి వచ్చాడు. ఎనిమిదింటికి ముప్ఫై చుక్కలు వేసుకున్నాడు, టిఫిన్‌కి ముందు వేసుకోవాల్సిన మాత్ర కూడా వేసుకున్నాడు. ఎనిమిదీ పావుకి క్రీం చిటికె నలిపి, నోట్లో వేసుకుని, "చచ్చు చక్కెర" అని తిట్టి, ఇంకో అర డబ్బా వేయించాడు. ఎనిమిదిన్నరకి లాకరు తెరిచాడు. గుడ్డతో వేలు గట్టిగా తుడిచాడు. సూది గుచ్చాడు.

మూడు వందల పన్నెండు.

గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఇంకేం తగ్గించాలి? ఇంకేం మానెయ్యాలి? ఊపిరి ఒక్కటే మిగిలింది. వేలు చప్పరించి, నోట్‌బుక్‌లో కాగితం చిరిగేంత గట్టిగా అంకె రాశాడు.

టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. డాక్టరమ్మ పదింటికి వస్తుంది. ఆవిడ తన ఎదుట మళ్ళీ గుచ్చి చూస్తుంది. అప్పటికైనా దిగాలంటే కడుపులోకి మెతుకు పోకూడదు. తొమ్మిదిన్నరకి ఇంకో ముప్ఫై చుక్కలు వేసుకున్నాడు.

పదింటికి పది నిమిషాలుందనగా చేతులు వణకడం మొదలైంది.

ముందు భయం వల్లనుకున్నాడు. తర్వాత మెడ వెనక చల్లటి చెమట పట్టింది. మిక్సరులో తిరుగుతున్న రెక్కలు రెండు నాలుగయ్యాయి. నాలుగు మసకైపోయాయి. చిటికె క్రీం తీయడానికి మూత వైపు వంగాడు, మూత దగ్గరకొచ్చింది, దూరం పోయింది, మళ్ళీ దగ్గరకొచ్చింది.

"తమ్ముడూ!"

జల్లెడక్క ఒక్క దూకు దూకి ఎర్ర బటను నొక్కింది. రెక్కలు ఆగిపోయాయి. ఇంకో చేత్తో అతని కోటు కాలరు పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ కలిసి చక్కెర బస్తాల మీద పడ్డారు.

"చల్లబడిపోయావేంట్రా! మా అమ్మకీ ఇలాగే అయ్యేది. షుగరు పడిపోయింది నీకు!"

"పడడమా?" మేస్త్రి నాలుక మడత పడుతోంది. "మూడు వందల పన్నెండు... పుస్తకం చూడు..."

"పుస్తకం తగలెయ్! నోరు తెరు!"

చేతికందిన చక్కెర పొడి గుప్పెడు తీసి అతని నోట్లో కూరింది. అతను తుపుక్కున ఉమ్మేశాడు.

"సుద్ద పెడతావేంటే నా నోట్లో! చంపుతావా!"

జల్లెడక్క గుప్పెట్లో మిగిలిన పొడిని తన నాలుక మీద వేసుకుని చూసింది. చక్కెరే. ఆవిడ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. నాలుక మేస్త్రి చక్కెరని సుద్ద అంటున్నాడు. చుట్టూ రెండు టన్నుల చక్కెర, మధ్యలో చక్కెర తగ్గి ఒక మనిషి చల్లబడిపోతున్నాడు, నోట్లో పెడితే ఉమ్మేస్తున్నాడు.

"డాక్టరమ్మని పిలవండర్రా!" గది అదిరేలా అరిచింది.

డాక్టరమ్మ పెట్టె పట్టుకుని పరుగున వచ్చింది. చెమట చూసింది, కళ్ళు చూసింది. నోట్‌బుక్‌లో చివరి అంకె చూసి ఒక్క క్షణం ఆగింది. తన సంచిలోని నీళ్ళ సీసా తీసి, అతని ఎడమచేతిని ముందుకి లాగింది.

"నీళ్ళు వద్దు!" మేస్త్రి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. స్పృహ సగం పోయినా ఇరవై రెండేళ్ళ చట్టం పోలేదు. "ఈ గదిలో... నీళ్ళు తేకూడదు మేడమ్..."

"పట్టుకోమ్మా ఇతన్ని" అంది డాక్టరమ్మ.

జల్లెడక్క రెండు చేతులతో పట్టుకుంది. డాక్టరమ్మ అతని ఉంగరం వేలిని నీళ్ళతో కడిగి, శుభ్రంగా తుడిచి, సూది గుచ్చి, తన మీటరుకి అందించింది.

నలభై ఆరు.

గ్లాసు నీళ్ళలో గుప్పెడు చక్కెర పొడి కలిపి తాగించారు. "ఉత్త నీళ్ళు" అని గొణిగాడు. "ఉత్త నీళ్ళే, తాగు" అంది డాక్టరమ్మ. తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. పావుగంటకి రెక్కలు మళ్ళీ రెండయ్యాయి. టిఫిన్ డబ్బా తెరిచి దగ్గరుండి తినిపించారు.

"ఇప్పుడు చెప్పండి మేస్త్రీ. ఎనిమిదిన్నరకి మూడు వందల పన్నెండున్న మనిషి పదింటికి నలభై ఆరుకి ఎలా పడ్డాడు? మేడ మీంచి దూకినా ఇంత వేగంగా దిగరు."

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కడిగిన ఉంగరం వేలికి ఒకసారి గుచ్చింది. తొంభై నాలుగు. కడగని కుడిచేతి వేలికి ఒకసారి గుచ్చింది. మూడు వందల ఆరు. అదే మనిషి, అదే నిమిషం, అదే మీటరు.

"మీ రక్తంలో కాదు చక్కెర ఉన్నది. మీ వేలి మీద ఉంది" అంది డాక్టరమ్మ. "రెండున్నర గంటలు చక్కెర పొడిలో పనిచేసి, ఆ వేళ్ళతోనే క్రీం నలిపి, పొడిగుడ్డతో తుడిచి గుచ్చుకుంటే, మీటరు పాపం వేలి మీద దుమ్మునే లెక్కపెట్టింది. నెల రోజులుగా."

సంచిలోంచి ఒక కవరు తీసింది. పోయిన శుక్రవారం చేతి నరం నించి తీసిన రక్తం తాలూకు రిపోర్టు. "మూడు నెలల సగటు చూడండి. ఆరు పాయింట్ ఏడు. బాగుంది. మీ పుస్తకమేమో మనిషి మంచం పట్టాల్సిన అంకెలు చెబుతోంది. ఎవరు అబద్ధమాడుతున్నారో తేల్చుకుందామనే వచ్చాను."

మేస్త్రి తన వేళ్ళ వంక చూసుకున్నాడు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ప్రతిరోజూ గుచ్చిన తర్వాత ఆ వేలిని నోట్లో పెట్టుకున్నాడు. నాలుక మేస్త్రి! అంత చక్కెర నాలుక మీదికి వచ్చి కూర్చుంటే తెలియలేదా?

"నాకెందుకు తెలియలేదు మేడమ్?" అన్నాడు. "నా నాలుకకి ఎందుకు తెలియలేదు?"

"తిండికి ముందు ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

ఇక దాచి లాభం లేదు. జేబులోంచి ముదురాకుపచ్చ సీసా తీసి బస్తా మీద పెట్టాడు. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి కళ్ళు మూసుకుంది.

"పొడపత్రి. ఇది నాలుక మీద పడితే కాసేపు, ఒక్కోసారి గంట దాకా, తీపి తెలియదు. చక్కెర సుద్దలా ఉంటుంది. మీరు వేసుకున్న అరగంటకే వేలు చప్పరిస్తే ఏం తెలుస్తుంది? అంతకుముందు నాలుగు రోజులంటారా, నోట్లో ఎలాగూ క్రీం తీపే ఉండుంటుంది."

"అయితే అది పనిచేస్తుందా, చెయ్యదా?"

"కొందరిలో రక్తంలో చక్కెరని కొంచెం తగ్గించవచ్చు, కచ్చితంగా చెప్పలేం. మాత్ర మింగి, దాని మీద ఇన్ని చుక్కలు పోసి, తిండి మానేస్తే మాత్రం ఏం జరుగుతుందో ఇప్పుడే చూశారు. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీ విషయంలో ఇది పనిచేసిందో లేదో తెలుసుకుందామన్నా, ఈ పుస్తకంలో పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు."

నెల రోజుల సూదిపోట్లు. ఇంట్లో తిన్న తిట్లు. కట్టుకున్న కడుపు. ఒక్కటీ పనికిరాలేదు. మేస్త్రికి ఏడుపొచ్చింది, దాంతోపాటే మండిపోయేంత కోపమూ వచ్చింది. అదీ ఎవరి మీదో తెలియని కోపమే.

"అంటే నేను పాస్ చేసిన క్రీం..." ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "మూడు వారాలుగా రోజూ అర డబ్బా ఎక్కువ! పొద్దుటి బిస్కెట్లన్నీ పాకంలా ఉండుంటాయి!"

జల్లెడక్క చూపులు పక్కకి తిప్పింది. "ఉండవులే. నేనెప్పుడు వేశాను? ఖాళీ డబ్బాతో మిక్సరుని కొట్టేదాన్ని. నీకు చప్పుడు చాలేది."

డాక్టరమ్మ తీర్పు రాసింది. షుగరు వల్ల కాదు, దాచినందుకూ, తిరుగుతున్న రెక్కల మీదికి ఒరిగినందుకూ, రెండు వారాలు గేటు కుర్చీ. ఆకు సారం పూర్తిగా ఆపాలి. మీటరు ఇక లాకరులో కాదు, గేటు దగ్గర ఉంటుంది; రోజూ ఎనిమిదిన్నరకి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడిగి, ఆరబెట్టి, అప్పుడు గుచ్చుకోవాలి. అంకెలు నిలకడగా ఉంటే మళ్ళీ మిక్సరు దగ్గరికి. ఏ కుర్చీకి భయపడి ఇదంతా చేశాడో ఆ కుర్చీలోకే వచ్చి పడ్డాడు.

ఆ రాత్రి భార్య పుస్తకం అడగలేదు. రెండో గరిటె అన్నం ఆవిడే పళ్ళెంలో వేసింది. "కొంగ ఉమ్మేసే మాట నిజమేనన్నమాట" అంది మెల్లగా. క్షమాపణ అంతకంటే పొడుగ్గా ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

సోమవారం ఎనిమిదిన్నర. గేటు దగ్గర కుళాయి కింద మేస్త్రి చేతులు కడుక్కున్నాడు. పని మధ్యలో నీళ్ళు తగిలితే ఏదో నేరం చేసినట్టుంది. ఆరాక గుచ్చాడు. నూట పద్దెనిమిది. రెండోసారి చూశాడు. నూట పద్దెనిమిదే.

టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా గేటు అవతల నించి బావమరిది కేక వేశాడు.

"బావా! ఎంతొచ్చింది?"

"నూట పద్దెనిమిది."

"చూశావా! మూడు నెలల సగటు కూడా బాగుందట కదా, అక్క చెప్పింది. నేను అననే అన్నాను, చక్కెరకి మొగుడని!"

"ఒరేయ్, నీ ఆకు మూడు వారాలదిరా! మూడు నెలలు నేను మింగింది మాత్రలు! పైగా నాలుక చచ్చిపోతుందని ఒక్క మాట చెప్పలేదే?"

"అది ఊరందరికీ తెలిసిందే కదా బావా. నీకు తెలియదని నాకెలా తెలుసు? నాలుక మేస్త్రివి కదా, నువ్వు!"

మేస్త్రి చుట్టూ చూశాడు. విసరడానికి దగ్గర్లో సబ్బు తప్ప ఏమీ లేదు. అది రేపటికి కావాలి. బావమరిది నవ్వుతూ వెళ్ళిపోయాడు.

కాసేపటికి లోపల నించి జల్లెడక్క వచ్చింది. కాగితం మీద పొద్దుటి క్రీం చిటికెడు తెచ్చింది. తిరిగి వెళ్ళాక కోటు మార్చుకుని, పావుగంట ఆరాలని తెలిసీ వచ్చింది.

"కొత్తవాడు కాగితం చూసి కలిపాడు. నువ్వు చెబితే గానీ నేను ముందుకి పంపను."

మేస్త్రి చిటికె నలిపాడు. నాలుక మీద వేసుకున్నాడు. మూడు వారాల తర్వాత పొద్దుటిపూట తీపి తగిలింది, నాలుక అంచుల దాకా పాకింది. కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"తీపి ఎక్కువైంది అక్కా. పావు డబ్బా తగ్గించమను."

జల్లెడక్క కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నిజంగా తగ్గించమంటావా తమ్ముడూ, చప్పుడు చేస్తే చాలా?"